నాలుగో భుజం

తొలిచూపులోనే ప్రేమ పుడుతుందనే మాటకు నమ్మదగిన ఆధారాలు తక్కువ. జనగామలో సమ్మె టెంటు కింద సుభాష్, కీర్తన మొదటిసారి ఎదురుపడినప్పుడు పుట్టింది తగాదా మాత్రమే.

అది రెండువేల పదకొండు సెప్టెంబరు. సకల జనుల సమ్మె మొదలై వారం దాటింది. బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి, బడులకు తాళాలు పడ్డాయి, ఆఫీసుల ముందు వంటావార్పు సాగుతున్నది. టెంటులో ఆ రోజు కథ చెప్పే వంతు కూనపులి గట్టయ్యది. సాలెవాళ్ళకు వాళ్ళ కులపురాణాన్ని బొమ్మల పటం మీద చూపిస్తూ పాడి చెప్పడం అతని ఇంటి వృత్తి. ఒక బొమ్మ కథ ముగియగానే పటం చుట్టను తిప్పి తరువాతి బొమ్మను తెరిచే పని అతని కూతురు కీర్తనది.

సాలెవాళ్ళ మూలపురుషుడు భావనారుషి పులినెక్కి బయలుదేరే ఘట్టం దగ్గర ముందు వరసలోంచి ఒక యువకుడు లేచి వచ్చాడు. జేబులోంచి చిన్న టార్చి తీసి, పటానికి అడ్డంగా వెలుగు పడేటట్టు పట్టుకుని, ముక్కు ఆనేంత దగ్గరగా చూడసాగాడు.

"ఏయ్, ఎవలు నువ్వు? దేవుని మొకంల లైటు కొడ్తున్నవేంది?" అన్నది కీర్తన, కథకు అడ్డం రాకుండా గొంతు తగ్గించి.

"రంగు లేస్తున్నది. పక్కకెళ్ళి లైటు పెడితె పెచ్చులు కనవడతయ్."

"ఇంతమందికి బొమ్మ కనవడ్తుంటె నీకు పెచ్చులే కనవడ్డయా?"

"బొమ్మ నిలవాల్నంటె పెచ్చులు చూసేటోడు ఒకడుండాలె కద."

"అట్లనా సారు. అయితె జర కింద కూసొని చూడుండ్రి. మీ నీడ పులి మీద పడ్డది. పులికి కోపమొస్తది."

దగ్గర కూర్చున్నవాళ్ళు నవ్వారు. యువకుడు టార్చి ఆర్పి, చెవులు ఎర్రబడగా, వెళ్ళి తన చోట కూర్చున్నాడు. అయితే కథ ముగిసేదాకా కదలలేదు. ఆ సంగతి కీర్తన గమనించింది.

అతని పేరు సుభాష్. తొర్రూరు దగ్గరి తండాలో పుట్టి, కెమిస్ట్రీలో ఎం.ఎస్సీ. చేసి, హైదరాబాదులో ఒక ప్రైవేటు మ్యూజియంలో పనిచేస్తున్నాడు. పాత కళావస్తువులను సేకరించడం, అవి చెడిపోకుండా చూడడం అతని పని. నాలుగేళ్ళుగా మోటారుసైకిలు మీద ఊళ్ళు తిరిగి జాతరల్లో కట్టుకునే చెక్క ముఖాలను, తండాల అద్దాల రవికెలను, ఇత్తడి దీపాలను పోగుచేశాడు. ఇంత పాత పటం మాత్రం అతని కంట పడలేదు.

మర్నాడు అతను గట్టయ్య ఊరికి వచ్చాడు. సాలెవాడలో చివరి ఇల్లు. కీర్తన వాకిట్లో బియ్యం చెరుగుతున్నది.

"పెచ్చుల సారు వచ్చిండు బాపూ," అని లోపలికి కేకవేసింది.

గట్టయ్యకు అరవై దాటాయి. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయి. సమ్మె అయ్యాక దవాఖానకు పోదామని వాయిదా వేస్తున్నాడు. సుభాష్ చెప్పినదంతా ఓపికగా విన్నాడు. పటం గాజు పెట్టెలో ఉంటుంది, తేమ తగలదు, ఎండ తగలదు, వందేళ్ళు నిలుస్తుంది. విన్నాక గట్టయ్య ఒకే ప్రశ్న అడిగాడు.

"నీకు తాత ఉండెనా బిడ్డా?"

"ఉండె."

"సచ్చిపోయినంక గాజు పెట్టెల పెట్టిన్రా?"

గట్టయ్య చెప్పుకుపోయాడు. చేర్యాలలో కొత్త పటం తయారవుతున్నది. దసరా వెళ్ళిన అయిదో నాడు పటాలు రాసే నకాషాయన దాన్ని తెచ్చి, ఈ వాకిట్లోనే బొమ్మలకు కళ్ళు దిద్దుతాడు. కొత్త పటం కళ్ళు తెరిచిందంటే పాతది కన్ను మూసినట్టే. అదే రోజు దాన్ని మోసుకుపోయి వాగులో కలపాలి. అతని ముత్తాత, అంతకుముందువాళ్ళు పాడిన పటాలు కూడా ఆ వాగులోనే కలిశాయి.

"అప్పటిదాక చూసుకో, కొలుసుకో, రాసుకో. ఒద్దనను. ఇయ్యి అని మాత్రం అడగకు," అన్నాడు.

ఆ విధంగా దాదాపు మూడు వారాలు దొరికాయి. కీర్తన ఊళ్ళో ఒక ప్రైవేటు బడిలో టీచరు. సమ్మెలో బడి మూతబడింది కాబట్టి సుభాష్‌కు పటం విప్పి చూపే పని ఆమెకు పడింది. అతను పొద్దున్నే జనగామ నుంచి వచ్చేవాడు. ఇద్దరూ సాలె పోశాలు మగ్గం ఇంట్లో ఖాళీగా ఉన్న అరుగు మీద పటాన్ని మూరెడు మూరెడు విప్పేవాళ్ళు. అతను కొలతలు, రంగులు రాసుకునేవాడు. ఆమె కథ చెప్పేది.

"ఈ ఎరుపు ఇంగిలీకం. కింద పూత సుద్దమట్టి, చింతగింజల గంజి," అనేవాడు అతను.

"ఈ ఎరుపు భావనారుషి కోపం. రాసుకో," అనేది ఆమె.

"కోపం అని రాస్తె మా డైరెక్టర్ నవ్వుతడు."

"ఇంగిలీకం అని చెప్తె సాలెవాడంత నవ్వుతది. నీకు ఎవల నవ్వు కావాలె?"

అతను కాసేపు ఆలోచించి రెండూ రాసుకున్నాడు. నోటుబుక్కులో అప్పటినుంచి ప్రతి పేజీకి రెండు నిలువు వరసలు ఏర్పడ్డాయి.

ఒక మధ్యాహ్నం పటాన్ని మగ్గం ఇంటి నుంచి ఇంటికి తెస్తుండగా వాన దంచింది. సుభాష్ తన రెయిన్‌కోటు విప్పి పటానికి చుట్టి, గుండెకు అదుముకుని పరుగెత్తాడు. గట్టయ్య ఇంటి వసారాలోకి చేరి వెనక్కి చూస్తే కీర్తన తల నుంచి పాదాల దాకా తడిసి నిలబడి ఉంది.

"మనిషి తడుస్తుంటె బట్టకు కోటు కప్పినవా?"

"మనిషి ఆరుతది. పటం ఆరదు."

"మంచిది. రేపు నీకు పెండ్లయితె ఆమెను గూడ ఆరుతదిలే అని వానల నిలవెడ్తవు."

అతను నవ్వబోయి ఆగాడు. ఆమె జుట్టు కొసల నుంచి నీటిబొట్లు ఒక క్రమంలో జారుతున్నాయి. వాటిని చూడడం ఎప్పుడు మొదలుపెట్టాడో, ఎందుకు ఆపలేకపోతున్నాడో అతనికి అంతుపట్టలేదు. కారణం తెలియని మార్పును కూడా నమోదు చేయాలని అతని చదువు నేర్పింది. నోటుబుక్కులోని రెండు వరసల్లో మాత్రం దానికి చోటు లేదు.

వాన తగ్గేదాకా వసారాలో కూర్చున్నప్పుడే, లోపల మంచం మీద ఉన్న గట్టయ్యకు కూడా వినబడేటట్టు, అతను తన నాయనమ్మ సంగతి చెప్పాడు. మోతీబాయి తన పెళ్ళికి తానే కుట్టుకున్న అద్దాల రవికెను అతను మ్యూజియానికి అడిగి తీసుకున్నాడు. గాజు పెట్టెలో పెట్టాక ఆమెను తీసుకుపోయి చూపించాడు. ఆమె గాజు మీద చెయ్యి పెట్టగానే కాపలామనిషి "ముట్టద్దు అవ్వా" అన్నాడు.

"ఏమనలేదు. చెయ్యి తీసింది. తొర్రూరు దాక బస్సుల ఒక్కటే మాట అడిగింది. అది ఇగ నాది కాదా అని."

"నువ్వేమన్నవ్?"

"అక్కడ లేకుంటె చెదలు తినేదన్న. అది నిజమే. నిజం చెప్పినంక కూడ నాకు మనసున పట్టలేదు."

కీర్తన లేచి అతనికి టవలు తెచ్చి ఇచ్చింది.

దసరా వెళ్ళింది. రోజులు తరిగేకొద్దీ సుభాష్‌లో గుబులు పెరిగింది. అతనికి నీటి గుణం తెలుసు. తుమ్మ బంకతో అతికిన రంగు ఒక పూటలో కరిగిపోతుంది. సుద్దపూత బురదవుతుంది. నూరేళ్ళ పనికి మిగిలేది మెత్తబడిన బట్ట. చివరికి ఒకరోజు కీర్తనకు తన ఆలోచన చెప్పాడు. అంతే పొడవు, అంతే వెడల్పు ఉన్న వట్టి బట్టను చుట్టచుట్టి వాగులో కలిపితే ఎవరికీ నష్టం లేదు. పెద్దాయన మనసు కుదుటపడుతుంది, పటం బతుకుతుంది.

"బాపుకు కండ్లు సరిగ అవుపడయని గద నీ ధైర్యం," అన్నది ఆమె.

సుభాష్ తలదించుకున్నాడు. "పొడుగు, చుట్టుకొలత, బరువు. మూడు సరిపోతె తేడా తెలిసే మార్గం లేదు. తెలియకుంటె బాధ కూడ ఉండదు కద."

కీర్తన పటంలోని పులి వైపు చూసింది. చిన్నప్పుడు ఆ పులి చారలను లెక్కపెట్టే ఆమె అంకెలు నేర్చుకున్నది. అది నీళ్ళలో కరిగిపోవడాన్ని ఆమె కూడా ఊహించుకోలేకపోయింది.

"అంచు నేను కుడ్త," అన్నది నెమ్మదిగా.

పోశాలు దగ్గర నేసిన బట్ట తీసుకుని, నూలు తూచే కాటా మీద రెండు చుట్టలనూ పక్కపక్కన పెట్టి తూచారు. తక్కువైన బరువుకు మధ్యలో తడిపి ఆరబెట్టిన గోనెగుడ్డ చుట్టారు. ముల్లు ఇటూ అటూ కదలకుండా నిలిచింది. సుభాష్ తృప్తిపడ్డాడు.

ఆ రోజు రానే వచ్చింది. నకాషాయన పొద్దున్నే వచ్చి కొత్త పటంలో బొమ్మలకు ఒక్కొక్కటిగా కళ్ళు దిద్దాడు. వాకిట్లో రెండు పచ్చి వెదుళ్ళతో చిన్న పాడె కట్టారు. గట్టయ్య స్నానం చేసి, లోపలి గదిలోకి ఒంటరిగా పోయి, మూలన ఉన్న చుట్టను భుజానికెత్తుకుని బయటికి వచ్చాడు.

ఒక అడుగు వేశాడు. రెండో అడుగు వేశాడు. ఆగిపోయాడు. చుట్టను మెల్లగా నేల మీదికి దించాడు.

"కీర్తనా, ఇది ఎవలు?"

ఏమిటని కాదు, ఎవరని అడిగాడు.

సుభాష్ ముందుకు వచ్చాడు. "అది పటం కాదు బాపూ. వట్టి బట్ట. తప్పు నాది. ఆలోచన నాది, తూకం నాది."

"దారం నాది," అన్నది కీర్తన.

గట్టయ్య కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని ఇద్దరికీ అనిపించింది.

"కండ్లు పోయినయనుకున్నరు. చెవులున్నయి కద," అన్నాడు. "నలభై ఏండ్లు ఈ చెవు పక్కకే పెట్టుకొని ఊరూరు మోసిన. అడుగేస్తె కిర్రుమంటది. నేను నడుస్తుంటె అది మాట్లాడుతుండె. ఇది మాట్లాడతలేదు."

ఎండిన సుద్దపూత ఒత్తిడికి చప్పుడు చేస్తుందని చెప్పడానికి ఎం.ఎస్సీ. అక్కరలేదు. సుభాష్ మూడు కొలతలు తీసుకున్నాడు గాని, ఒక్కసారి కూడా చెవి పెట్టి వినలేదు. దానికన్నా అతన్ని ఎక్కువగా పొడిచింది మరొకటి. తెలియకుంటే బాధ ఉండదన్నాడు. తెలిసిన మనిషి ముందు ఇప్పుడు నిలబడి ఉన్నాడు.

అతను పోయి మోటారుసైకిలుకు కట్టిన సంచిలోంచి అసలు పటం తెచ్చి గట్టయ్య చేతుల్లో పెట్టాడు. గట్టయ్య దాన్ని ఒకసారి నిమిరి పాడె మీద పడుకోబెట్టాడు.

మోయడానికి నలుగురు కావాలి. గట్టయ్య, అతని పాలివాళ్ళు ఇద్దరు ఉన్నారు. నాలుగోవాడు అన్నకొడుకు కుమార్ భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేస్తాడు. బావులన్నీ సమ్మెలో ఉన్నాయి, దారిన బండ్లు లేవు. రాలేనని ముందురోజే ఫోన్ చేశాడు.

గట్టయ్య సుభాష్ ఉన్న వైపు ముఖం తిప్పాడు.

"నువ్వు పట్టు."

"నేనా?"

"తప్పు చేసినవ్. దాచుకోకుంట ఒప్పుకున్నవ్. నువ్వే మొయ్యాలె. మోస్తె తప్పు పోతది."

సుభాష్ పాడె దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడిచి, వంగి, వెదురు కొస పట్టుకున్నాడు. ఇంత తేలికైన శిక్షను అతను ఊహించలేదు.

"ఆయన మొయ్యద్దు బాపూ," అన్నది కీర్తన.

"ఎందుకు మొయ్యద్దు?"

గట్టయ్య అక్క సాలమ్మ విసుక్కున్నది. "మోయనియ్యవే. మన దాంట్ల పటానికి భుజం పట్టినోడు ఇంటికి కొడుకు లెక్క. నీకు తోడవుట్టినోడు లేడాయె. ఇయ్యాల్టి నుండి అన్న అయితడు, మంచిదే కద."

"అందుకే మొయ్యద్దంటున్న అత్తమ్మా."

సాలమ్మ మేనకోడలి ముఖం చూసింది, వంగి ఉన్న సుభాష్ వీపు చూసింది.

"అదా సంగతి. మూడు వారాల సంది కొలుస్తున్నరంటె పటం అంత పొడుగున్నదేమో అనుకున్న."

పాలివాళ్ళలో ఒకడు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. సుభాష్ వెదురు వదిలి నిటారుగా నిలబడ్డాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

"నువ్వేమంటవు?" అన్నాడు గట్టయ్య.

"తప్పుకు ఏ శిక్ష వేసినా పడత బాపూ. కీర్తనకు అన్నను కమ్మంటె మాత్రం నాతోని కాదు. ఇంకోటి ఏదన్న చెప్పుండ్రి."

చూడవచ్చినవాళ్ళలోంచి పోశాలు కలగజేసుకున్నాడు. "గట్టయ్యా, పిలగాడు మంచోడే. కాని తండావోళ్ళు. మన భాష కాదు, మన వరస కాదు. జర ఆలోచన చెయ్యి."

"కొడుకైతడన్నప్పుడు తండా యాదికి రాలేదా పోశాలు మామా?" అన్నది కీర్తన. "కొడుకుగ పనికొచ్చినోడు అల్లుడుగ పనికిరాడా?"

సాలెవాడలో సమ్మె గురించి, రాష్ట్రం గురించి నెలరోజులుగా ఎన్నో వాదాలు నడిచాయి. జవాబు లేని వాదం అదొక్కటే.

"మరి నాలుగో భుజం ఎవలది?" అన్నాడు గట్టయ్య, ఎవరినీ ఉద్దేశించకుండా.

"నాది," అన్నది కీర్తన.

"ఆడివిల్ల మోసుడు లేదు," అన్నది సాలమ్మ.

"రేపటి నుండి కొత్త పటం మీద కథ ఎవలు చెప్తరు అత్తమ్మా? బాపుకు బొమ్మ అవుపడదు. నేనే కద చెప్పేది. చెప్పే గొంతు ఉంటె మోసే భుజం ఉండదా?"

సాలమ్మ తమ్ముని వైపు చూసింది. అతను వద్దనలేదు. కీర్తన కొంగు నడుముకు చుట్టి వెదురు కింద భుజం పెట్టింది. నలుగురూ ఒక్కసారిగా లేచారు. పాడె మీద పటం కిర్రుమన్నది. కీర్తన పెదవులు బిగించుకున్నది గాని, కళ్ళు నిండాయి.

ముందు నడిచేవాళ్ళు దారి పొడవునా నీళ్ళు చల్లాలి. ఇత్తడి చెంబు గడప దగ్గర నిండుగా ఉంది. సాలమ్మ దాన్ని అందుకోబోయింది.

"చెంబు అల్లుడు పట్టాలె. ఈ ఇంట్ల అల్లుడు లేకపాయె. నేనే పట్టుకుంట, ఏం జేస్త," అన్నది.

"అక్కా," అన్నాడు గట్టయ్య, భుజం మీద బరువుతోనే. "చెంబు ఆ పిలగానికియ్యి."

సాలమ్మ చెంబును రెండు చేతులా ఎత్తి సుభాష్‌కు అందించింది. అతను దాన్ని పట్టుకున్న తీరు చూస్తే అందులో ఉన్నవి వాగునీళ్ళని ఎవరూ అనుకోరు.

"కుడి చేత్తోనా, ఎడమ చేత్తోనా?" అని అడిగాడు గౌరవంగా.

"చేత్తో సల్లు సాలు. గింత చదువుకొని గిదడుగుతవా?"

వాగు నిండుగా పారుతున్నది. మోకాటిలోతు నీళ్ళలో గట్టయ్య పటాన్ని అందుకుని, ముడి విప్పి, వదిలాడు. చుట్ట తనంతట తాను విప్పుకున్నది. మగ్గం, తామరలు, పులి ఒకదాని వెనుక ఒకటి ప్రవాహం మీద పరుచుకుంటూ సాగాయి. బట్ట అంచుల నుంచి ఎరుపు విడివడి నీటిలో సన్నని పొగలా కదిలింది. అది ఇంగిలీకమని సుభాష్‌కు తెలుసు. ఆ ఎరుపుకు కీర్తన పెట్టిన పేరు కూడా తెలుసు. రెండింటిలో ఏది ముందు గుర్తుకొచ్చిందో అతను తరువాత ఎప్పుడూ చెప్పలేకపోయాడు. వంపు దగ్గర పటం మునిగింది. దాన్ని ఆపాలని అతని చేతులు ఒక్కసారి కూడా లేవలేదు.

గడ్డకు చేరాక గట్టయ్య తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు.

"మీ ఇంట్ల ఎప్పుడు చెప్తవ్?"

"సమ్మె అయిపోయినంక పోదామనుకుంటున్న."

"సమ్మె ఎన్నడైపోతదో ఎవలకెరుక. బండి ఉన్నది కద. రేపు పో. మీ నాయనమ్మను నేను రమ్మన్ననని చెప్పు. ముట్టుకొని మాట్లాడుకునేటోళ్ళం, మాకు మాకు కుదురుతది."

"నేను గూడ పోత బాపూ," అన్నది కీర్తన.

"నువ్వేడికి?" అన్నది సాలమ్మ. "మోసినోళ్ళకు మూడు దినాల మైల. గడప దాటుడు లేదు. భుజం నాదే అన్నవ్ కద, అనుభవించు."

కీర్తన సుభాష్ వైపు చూసింది. మూడు వారాల్లో ఆమెకు జవాబు తోచకపోవడం అతను చూడడం ఇదే మొదటిసారి.

"తొందరేమున్నది," అన్నాడు సుభాష్. "మైల తీరినంక బాపు, నువ్వు, నేను ముగ్గురం కలిసే పోదాం."

మైల మీద అతనికి అప్పుడూ నమ్మకం లేదు, ఇప్పుడూ లేదు. అయినా ఆ మూడు రోజులూ పోశాలు మగ్గం ఇంటి అరుగు మీద లెక్క తప్పకుండా ఆగాడు.